ఉల్లి రేట్లు చెప్పే బాట్: పడిపోకుండా నిలబెట్టుకోవడం ఎలా

పోయిన సీజన్‌లో ఒకరోజు పొద్దున్నే కోడుమూరు నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. "ఏమన్నా, నీ బాట్ ఒకే రేటు నాలుగుసార్లు చెప్పింది. యార్డుకొస్తే నాలుగింతలు ఇస్తారా?" అన్నాడు. కర్నూలులో నాకు జెరాక్స్ అంగడి ఉంది. మార్కెట్ యార్డు ఉల్లి రేట్లు చెప్పే టెలిగ్రామ్ బాట్ తీరిక వేళల్లో పెట్టుకున్న పని. నవ్వేసి ఫోన్ పెట్టేశాను గానీ, తప్పెక్కడుందో పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది.

రైతు "రేటు" అని పంపగానే నా ప్రోగ్రామ్ రేట్ల సైటు తెరిచి, అంకె తెచ్చి, జవాబు పంపి, అన్నీ అయ్యాక టెలిగ్రామ్‌కు "అందింది" అని చెప్పేది. ఆ రోజు సైటు నత్తనడక నడిచింది. నా వైపు నుంచి ఉలుకూ పలుకూ లేకపోయేసరికి టెలిగ్రామ్ అదే సందేశాన్ని మళ్లీ మళ్లీ పంపింది. నా ప్రోగ్రామ్ ప్రతిసారీ కొత్త ప్రశ్నే అనుకుంది.

ఉల్లి బండి వస్తే గేటు దగ్గర ముందు చీటీ రాసి లోపలికి వదలాలి. కాటా, వేలం, డబ్బు లెక్క తర్వాత. గేటులోనే తూకం మొదలుపెడితే బండ్లు బళ్లారి చౌరస్తా దాకా ఆగిపోతాయి. బాట్‌లో కూడా గేటు వేరు, కాటా వేరు చేయండి.

టెలిగ్రామ్ నుంచి వచ్చే ప్రతి సందేశానికీ అప్‌డేట్ ఐడీ అనే నంబరు ఉంటుంది. గేటు ప్రోగ్రామ్ ఆ నంబరునూ సందేశాన్నీ ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్‌లో ఉండే చిన్న డేటాబేస్) టేబుల్లో చీటీలా రాసి, వెంటనే 200 కోడ్, అంటే "అందింది" అనే జవాబు, ఇచ్చేయాలి. నంబరుకు ప్రైమరీ కీ (ఒకే నంబరు రెండుసార్లు రాయనివ్వని ఏర్పాటు) పెడితే, అదే సందేశం రెండోసారి వచ్చినప్పుడు టేబులే వెనక్కి నెట్టేస్తుంది. అప్పుడు కూడా 200 ఇవ్వడం మరవకండి, లేదంటే అది పంపుతూనే ఉంటుంది. కాటా ప్రోగ్రామ్ చీటీలు ఒక్కొక్కటే తీసి, జవాబు పంపి, "అయింది" అని గుర్తు పెడుతుంది. జవాబు పంపాక, గుర్తు పెట్టేలోపు ప్రోగ్రామ్ ఆగిపోతే? ఆ జవాబు ఇంకోసారి వెళ్తుంది. రేటు రెండుసార్లు వింటే ఎవరికీ నష్టం లేదని నేను వదిలేశాను. మీ బాట్ బస్తాల బుకింగో డబ్బు లెక్కో చేస్తుంటే మాత్రం వదలకండి. ఆ లెక్క రాయడం, చీటీకి గుర్తు పెట్టడం ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి, అంటే అయితే రెండూ అవ్వాలి, లేదంటే రెండూ కాకూడదు.

తర్వాత బాట్‌ను ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌కు మార్చాను. ఇంట్లో నడిపేవాళ్లకు వెబ్‌హుక్ (సందేశం రాగానే టెలిగ్రామే మన అడ్రసుకు పంపే పద్ధతి) కన్నా లాంగ్ పోలింగ్ నయం. బయటి అడ్రసు, సర్టిఫికెట్ గొడవ ఉండదు. మన ప్రోగ్రామే వెళ్లి "ఏమైనా వచ్చాయా" అని అడుగుతుంది. మనం ఆగిపోయినా సందేశాలు టెలిగ్రామ్ దగ్గర 24 గంటలు ఉంటాయి. చీటీ రాశాకే ఆఫ్‌సెట్ (ఎంతవరకు అందాయో టెలిగ్రామ్‌కు చెప్పే నంబరు) ముందుకు జరపండి. టెస్టింగ్‌కు వేరే టోకెన్ (బాట్‌కు టెలిగ్రామ్ ఇచ్చే తాళంచెవి లాంటి కోడ్) తీసుకోండి, ఒకే టోకెన్‌తో రెండు కాపీలు నడిపితే 409 ఎర్రర్ వస్తుంది.

ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కదా అని ధీమాగా ఉన్నాను. మే నెలలో కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ నిక్షేపంగా నడుస్తోంది, రౌటర్ ఆరిపోయింది! రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. అడాప్టర్ మీద వోల్టేజి చూసి కొనండి. ఫైబర్ పెట్టె వేరుగా ఉంటే దానికీ పెట్టాలి.

ప్రోగ్రామ్ పడిపోతే లేపడానికి సిస్టమ్‌డీలో (లినక్స్‌లో ప్రోగ్రామ్‌లను నడిపించేది) రీస్టార్ట్ ఆల్వేస్ అని పెడతాం. మామూలు సెట్టింగుల్లో 10 సెకన్లలో 5 సార్లు లేచి పడితే ఇక లేపడం మానేస్తుంది. నెట్ లేనప్పుడు అదే జరుగుతుంది. రీస్టార్ట్‌కూ రీస్టార్ట్‌కూ మధ్య 10 సెకన్ల విరామం ఇవ్వండి. ప్రోగ్రామ్ బతికే ఉండి పని చేయని రోజులు కూడా ఉంటాయి. అందుకే నేను ప్రోగ్రామ్ నడుస్తోందా అని కాదు, అన్నిటికన్నా పాత చీటీ ఎంతసేపటిగా ఎదురుచూస్తోందో చూస్తాను. రెండు నిమిషాలు దాటితే అంగట్లోని కంప్యూటర్ మోగుతుంది. ఇంటి నుంచి కబురే రాకపోయినా మోగుతుంది.

పొద్దున అందరికీ ఒకేసారి రేటు పంపేటప్పుడు సెకనుకు 30 సందేశాలు మించనివ్వకండి. 429 ఎర్రర్ (మరీ ఎక్కువ పంపుతున్నావు అని) వస్తే, ఎన్ని సెకన్లు ఆగాలో అందులోనే ఉంటుంది. అన్ని సెకన్లూ ఆగండి.

బ్యాకప్ విషయంలో నాకు చాదస్తం. 2009 అక్టోబర్ వరదలో మా నాన్న ఖాతా పుస్తకాలన్నీ ముద్దైపోయాయి, ఎవరు ఎంత బాకీయో మనుషుల మాట మీదే నడిచింది. రోజూ రాత్రి ఒక కాపీ ఊరు దాటిపోవాలి. నడుస్తున్న ఫైల్‌ను ఊరికే కాపీ చేయకుండా ఎస్‌క్యూలైట్ బ్యాకప్ కమాండ్ వాడండి. నెలకోసారి తెరిచి చూడండి కూడా.

రేట్ల సైటు అసలు తెరుచుకోని రోజులుంటాయి. నా బాట్ 10 సెకన్లు చూసి, దాచుకున్న రేటు ఇస్తుంది: "నిన్న సాయంత్రం 4 గంటల రేటు ఇది. ఈరోజుది ఇంకా రాలేదు." ఆ తేదీ ముక్క తీసేసి అంకె ఒక్కటే పంపితే, దాన్ని నమ్ముకుని బండి కట్టిన కోడుమూరు రైతు ఈసారి ఫోన్ చేయడు, నేరుగా అంగడికే వస్తాడు.