రద్దీ సమాచారం పంచుకోవడం – నాలుగో పాఠం: ప్రయాణ కాలాన్ని కొలవడం

గత పాఠంలో కూడలి దగ్గర నిలబడి వాహనాలను లెక్కించడం నేర్చుకున్నాం. అయితే గంటకు ఎన్ని బండ్లు దాటాయన్న అంకె ఒక్కటే పక్క ఊరికి పెద్దగా ఉపకరించదు. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడూ, బండ్లు ఒకదాని వెనక ఒకటి కదలక నిలిచిపోయినప్పుడూ ఆ అంకె తక్కువగానే వస్తుంది. పక్క ఊరివారికి కావలసింది, ఇక్కడి నుంచి అక్కడికి చేరడానికి ఇప్పుడు ఎంతసేపు పడుతోందన్న సంగతి.

దీనిని కొలిచే పద్ధతి తిరుపతి వాసులకు కొత్త కాదు. ఘాట్ రోడ్డు ఎక్కే బండికి అలిపిరిలో సమయం వేసి, కొండపైన మళ్ళీ చూస్తారు. ఎక్కడానికి 28 నిమిషాలకన్నా, దిగడానికి 40 నిమిషాలకన్నా తక్కువ పట్టకూడదని పాటిస్తూ వచ్చిన నియమం అతివేగాన్ని ఆపడానికి ఏర్పడినది. అలాగే రెండు చివరల రాసుకున్న సమయాలతో మనం ఆలస్యాన్ని తెలుసుకుందాం.

రేణిగుంట రోడ్డు మీద రెండు చోట్లు ఎంచుకొని, ఒక్కో చోట ఒకరు నిలబడి, దాటే బండ్ల నంబర్లలో చివరి నాలుగు అంకెలనూ, సమయాన్నీ రాసుకోవాలి. రెండు కాగితాల్లోనూ కనిపించిన బండ్లను జతపరచి, నిమిషాల తేడా రాసుకున్న వెంటనే ఆ నంబర్లను చెరిపివేయండి. ఎవరు ఎటు వెళ్ళారన్నది మనకు అక్కరలేదు, దానిని దాచుకునే హక్కూ మనకు లేదు.

అభ్యాసం కోసం ఐదు బండ్లకు వరుసగా 11, 12, 12, 13, 31 నిమిషాలు పట్టాయనుకుందాం. సగటు 15.8 నిమిషాలు వస్తుంది, కానీ ఆ రోడ్డు మీద ఎవరికీ నిజంగా అంతసేపు పట్టలేదు. ఐదో బండి దారిలో టీకోసమో పెట్రోలుకోసమో ఆగి ఉంటుంది. అందుకే మధ్యగతాన్ని, అంటే వరుసలో నడుమ ఉన్న 12ను తీసుకోవాలి. తెల్లవారుజామున అదే దూరానికి 8 నిమిషాలు పడితే, ఇప్పటి ఆలస్యం 4 నిమిషాలు.

గడియారాల విషయంలో నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను. ఒక మిత్రుడితో కలిసి ఇలాగే కొలిచినప్పుడు, అటు వెళ్ళే బండ్లకు 16 నిమిషాలు, ఇటు వచ్చేవాటికి 8 నిమిషాలు వచ్చాయి. రోడ్డు ఒక పక్కే కిక్కిరిసిందని తేల్చుకొని, సాయంత్రం చేతి గడియారాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆయనది 4 నిమిషాలు ముందుంది. రెండు దిశల మొత్తం 24 నిమిషాలు మాత్రం సరైనదే, ఎందుకంటే ఒక దిశలో కలిసిన తప్పు రెండో దిశలో తీసివేతకు వస్తుంది. అప్పటి నుంచి మొబైల్ ఫోన్ సమయాన్నే వాడుతున్నాను, అదీ రైల్వే టైములో, 17:40 అన్నట్టుగా రాస్తున్నాను.

ఇక పంచుకోవడం. ఇక్కడ తరచుగా తప్పిపోయేది పేర్ల దగ్గరే. తిరుపతిలో ‘రేణిగుంట రోడ్డు’ అన్నదానినే రేణిగుంటలో ‘తిరుపతి రోడ్డు’ అంటారు. కనుక రోడ్డు పేరుతో సరిపెట్టకుండా, రెండు చివరల అక్షాంశ రేఖాంశాలను దశాంశ బిందువు తరువాత నాలుగు స్థానాల వరకు ఇస్తే, చోటు సుమారు పది మీటర్లలోపు తేలిపోతుంది. దిశ, కొలిచిన సమయం, పంపిన సమయం, ఎన్ని బండ్ల మీద లెక్క కట్టారన్న సంఖ్య కూడా పంపే సమాచారంలో ఉండాలి. కొలిచిన సమయం లేకపోతే పావుగంట కిందటి రద్దీని ఇప్పటిదనుకొని, నగరపాలక సంస్థవారో ట్రాఫిక్ పోలీసులో సిగ్నల్ మారుస్తారు. ముందున్న కూడలి నిండిపోయి ఉండగా వెనక ఆకుపచ్చ దీపం ఎక్కువసేపు వెలిగితే, బండ్లు వెళ్ళి అక్కడే పేరుకుపోతాయి.

న్యూయార్క్ ప్రాంతంలో 1986లో ట్రాన్స్‌కామ్ అనే రవాణా సంస్థల కూటమి ఏర్పడినప్పుడు కూడా మొదటి అవసరం ఇలాంటిదే: ఒక సంస్థ తవ్వుతున్న దారి సంగతి, అదే రోజు పక్క దారిని మూసే సంస్థకు ముందే తెలియాలి. మన రోడ్డు పనుల వరుసను ఆరో పాఠంలో చూద్దాం.

వచ్చే పాఠంలోగా ఉదయం 8:30 నుంచి 9:00 వరకు, తిరిగి మధ్యాహ్నం అరగంటపాటు, మీకు దగ్గరలోని రోడ్డు మీద రెండు దిశలలోనూ కొలవండి. జత కుదిరిన బండ్లు ఒక్కో దిశలో ఐదుకన్నా తక్కువైతే ఆ లెక్కను పంపకుండా పక్కన పెట్టి, మరునాడు మళ్ళీ కొలవండి.