పైముద్ర పడిన పాత వెండి డాలరు అసలుదేనా? తేల్చుకునే పద్ధతి

పైముద్ర, అంటే అచ్చయిన నాణెం మీద తర్వాత కొట్టిన గుర్తు, ఉన్న నాణెం చేతికి రాగానే చూపు నేరుగా ఆ ముద్ర మీదికే పోతుంది. మోసపోయేది అక్కడే. ముందు కింది నాణెం సంగతి తేల్చాలి, ఆ తర్వాతే ముద్ర. అసలు నాణెం మీద అసలు ముద్ర ఉండొచ్చు, అసలు నాణెం మీద దొంగ ముద్ర ఉండొచ్చు, రెండూ దొంగవే కావొచ్చు. అరుదుగా ఆ కాలపు దొంగ నాణెం మీదే అసలు ముద్ర పడి ఉంటుంది. అన్నిటికన్నా ప్రమాదం రెండోదే. బరువూ వెండీ అన్నీ సరిపోతాయి, అబద్ధమల్లా ఆ చిన్న గుర్తులోనే ఉంటుంది.

మెక్సికో, లిమా, పొటోసీ టంకశాలల్లో అచ్చయిన స్పానిష్ 8 రియాళ్ల నాణెం ప్రపంచమంతా చెల్లేది. వెండి డాలరు అన్నది దీన్నే. సొంత వెండి నాణేలు చాలని చోట ప్రభుత్వాలు దాని మీదే తమ గుర్తు కొట్టి వదిలాయి. జమైకా 1758లో జార్జి రాజును సూచించే జి ఆర్ అక్షరాలు కొట్టింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 1797 మార్చిలో కోడిగుడ్డు ఆకారంలో ఇంగ్లండ్ రాజు మూడో జార్జి తల కొట్టి 4 షిల్లింగుల 9 పెన్నీలకు చెలామణి చేసింది. 1804లో గుర్తు ఎనిమిది పలకలకు మారింది, విలువ 5 షిల్లింగులు. న్యూ సౌత్ వేల్స్ గవర్నరు మక్వారీ 40,000 డాలర్లు తెప్పించి నడిమి బిళ్ళ కోయించాడు. ఉంగరంలా మిగిలిన భాగానికి 1813 తేదీతో ముద్ర వేసి 5 షిల్లింగులకూ, బిళ్ళను 15 పెన్నీలకూ చెల్లించారు. ముద్ర పడగానే నాణెం లోపలి వెండి కన్నా ఎక్కువకు చెల్లితే దొంగ పంచ్‌లు, అంటే ముద్ర కొట్టే ఉక్కు అచ్చులు, పుట్టకుండా ఉండవు. కాబట్టి ముద్ర పాతదైనంత మాత్రాన అసలుదని కాదు.

పనిముట్లు కొన్నే: 0.01 గ్రాము చూపే త్రాసు, వ్యాసం కొలిచే కాలిపర్, 10 రెట్లు పెద్దది చేసే భూతద్దం, ఒకే దిక్కు నుంచి వెలుగు పడే దీపం, సన్నని దారం, గ్లాసు నీళ్ళు.

8 రియాళ్ల నాణెం పూర్తి బరువు 27.07 గ్రాములు, వ్యాసం 38 నుంచి 40 మిల్లీమీటర్లు. చేతులు మారి అరిగినది 26.5 దగ్గర ఉంటే మామూలే. 26 లోపుకు దిగితే కారణం కనపడాలి: బాగా అరిగి ఉండాలి, లేదా అంచు గీకి ఉండాలి. స్తంభాల బొమ్మ ఉన్న రకం 1732 నుంచి 1772 దాకా వచ్చింది, రాజు తల బొమ్మ 1772లో మొదలైంది. 1765 తేదీతో రాజు తల కనిపిస్తే నాణెమే నకిలీ, ఇక ముద్ర చూడక్కర్లేదు. టంకశాలలో వెండి నాణ్యత చూసే పరీక్షాధికారి పేరుకు గుర్తుగా వేసిన అక్షరాలూ చూడండి. మెక్సికోలో 1784 నుంచి 1801 దాకా ఎఫ్ ఎమ్, 1803 నుంచి 1809 దాకా టి హెచ్. 1797 తేదీ పక్కన టి హెచ్ ఉంటే నకిలీయే. అంచును దీపం కింద ఒక చుట్టు తిప్పండి. తల బొమ్మ రకంలో వృత్తం, దీర్ఘచతురస్రం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఎదురెదురుగా రెండు చోట్ల ఆ వరుస ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతుంది. అంచుకు రెండు సగాలుగా నమూనా ఎక్కించేవారు కనుక అలా వస్తుంది. చుట్టూ ఒక్క అతుకు గీత నడుస్తుంటే అది పోత పోసిన నాణెం.

ఇక సాంద్రత. నాణేన్ని పొడిగా తూచండి. త్రాసు మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేసి, నాణేన్ని దారంతో అడుగుకూ గోడకూ తగలకుండా పూర్తిగా ముంచి వేలాడదీయండి. ఇప్పుడు త్రాసు చూపే అంకెతో పొడి బరువును భాగించాలి. పొడి బరువు 27.00, నీళ్ళలో అంకె 2.62 అయితే 10.3 వస్తుంది, 90 శాతం వెండికి రావలసింది అదే. వెండి లేని తెల్లటి మిశ్రలోహం జర్మన్ సిల్వర్ అయితే నీళ్ళలో అంకె 3.1 దాకా ఎగబాకి, సాంద్రత 8.7 దగ్గర ఆగుతుంది. ముద్ర గుంటల్లో గాలి బుడగ చిక్కితే మంచి వెండి కూడా తక్కువ చూపిస్తుంది. మెత్తని కుంచెతో బుడగలు దులిపి మూడుసార్లు తూచండి. మంచి వెండితో పోసిన నకిలీ ఈ పరీక్షలో నెగ్గుతుందని మరవొద్దు.

అసలు సాక్ష్యం ముద్ర, నాణెం కలిసే చోట దొరుకుతుంది. పంచ్ దిగినప్పుడు వెండి మాయం కాదు, పక్కకు జరుగుతుంది. దీపాన్ని దాదాపు నాణెం మట్టానికి దించి చూడండి. గుర్తు చుట్టూ సన్నగా ఉబ్బిన కట్ట, దగ్గరి అక్షరాలు కొంచెం వంగడం, గుంట అడుగున కింది బొమ్మ నలిగిన జాడ కనపడాలి. తర్వాత నాణెం తిప్పి సరిగ్గా అదే చోటు చూడండి. దెబ్బ పడేటప్పుడు కింద దాగలి ఉంటుంది కనుక అవతలి బొమ్మ అక్కడ చదునవుతుంది. 1797 బ్యాంకు ముద్ర సాధారణంగా స్పెయిన్ రాజు మెడ మీద పడుతుంది, కాబట్టి వెనక డాలు బొమ్మలో ఆ మేర చదును వెతకండి. లోతైన ముద్ర ఉండి వెనక బొమ్మ చెక్కు చెదరకపోతే అనుమానించాలి. పోత నాణెంలో ముద్ర లోపలా బయటా ఒకే రకం గరుకుతనం, సూదిపోట్ల లాంటి రంధ్రాలు, మొద్దుబారిన అంచులు ఉంటాయి.

అరుగుదలను రెండు సార్లు, విడివిడిగా అంచనా వేయాలి. కింది నాణెం కన్నా ముద్ర పదునుగా ఉండటం సహజమే, అది తర్వాత పడింది, పైగా గుంటలో ఉంది. తలకిందులైతేనే చిక్కు: ముద్ర అరిగి చుట్టూ నాణెం కొత్తగా ఉంటే లెక్క కుదరదు. అరిగిన ముద్రకూ సరిగా పడని ముద్రకూ తేడా తెలియాలి. పంచ్ ఒరిగి పడితే ఒక పక్క లోతుగా ఉండి, రెండో పక్క బొమ్మ లేకుండా పోతుంది. నలిగిన మూలల్లో తెల్లటి తాజా వెండి మెరుస్తూ, మిగతా నాణెం నల్లబడి ఉంటే ఆ దెబ్బ ఈమధ్యదే.

తేదీలు కలిపి చూడటం అన్నిటికన్నా చవకైన పరీక్ష. మనీలాలో స్పెయిన్ రాణి రెండో ఇసబెల్ పేరిట వై అక్షరం, రోమన్ రెండు అంకె ఉన్న ముద్ర 1834 నుంచి 1837 దాకా కొట్టారు. 1840 నాణెం మీద అది కనిపిస్తే కథ ముగిసినట్టే.

చివరగా పంచ్‌నే పోల్చాలి. అధికారిక పంచ్‌లు కొన్నే, కాబట్టి ఒకే పంచ్ పగులు, విరిగిన అక్షరం నాణెం తర్వాత నాణెంలో కనపడతాయి. మ్యూజియం నాణేల ఫోటోను అదే కొలతకు తెచ్చి మీ ఫోటో మీద పరచండి. ముద్ర ఒక్కటే కలవాలి. కింది నాణెం గీతలు, నొక్కులు, ముద్ర పడిన కోణం కూడా అచ్చంగా కలిసిపోతే రెండూ ఒకే అచ్చులోంచి పోసినవి.

చైనా వర్తకులు వెండి చూసి నాణెం మీద కొట్టిన చిన్న గుర్తులు, చాప్ మార్కులు, ఈ పద్ధతికి పూర్తిగా లొంగవు. అవి వందల మంది వేసిన గుర్తులు, పోల్చడానికి అధికారిక పంచ్ ఉండదు. అక్కడ లోహం జరిగిన తీరు, అరుగుదల మాత్రమే ఆధారం. మద్రాసు టంకశాల ఇవే డాలర్లను మొత్తంగా తిరగకొట్టి తెలుగు అక్షరాలున్న అర వరహాలు చేసింది. అవి పైముద్ర నాణేల లెక్కలోకి రావు, కింద మిగిలిన స్పానిష్ అక్షరాల జాడే వాటి గుర్తు.

ఎక్స్‌రే యంత్రంతో లోహ పరీక్ష చేయిస్తే అది పై పొరనే చదువుతుందని గుర్తుంచుకోండి. వెండి పూతకూ మంచి అంకెలే వస్తాయి, అందుకే సాంద్రత కూడా తోడు ఉండాలి. పాత వెండిలో బంగారం, సీసం జాడలు ఉంటాయి. అవి బొత్తిగా లేకపోతే ఆధునిక శుద్ధి వెండి అనుకోవచ్చు. ఈ పరీక్షలన్నీ అయ్యేదాకా నాణేన్ని తోమొద్దు, వెండి పాలిష్ తగలనివ్వొద్దు. ముద్ర మూలలో పేరుకున్న నలుపు కూడా సాక్ష్యమే. జిడ్డు అడ్డు వస్తే గాలి ఆడే చోట, మంటకు దూరంగా, శుద్ధమైన ఎసిటోన్‌లో కొన్ని నిమిషాలు ఉంచి, తుడవకుండా ఆరనివ్వండి.