పాత అమెరికన్ ప్రెస్ ఫొటోలో కార్మిక నేతలు: చూడటం ఎలా?

మొహాలు తర్వాత చూద్దురుగాని, ముందు ప్రింటు వెనక్కి తిప్పండి. ఏజెన్సీ స్టాంపు, అంటించిన క్యాప్షన్ చీటీ, తేదీ ముద్రలు అన్నీ అక్కడే ఉంటాయి. ముద్రలు రెండు మూడుంటే కంగారు పడొద్దు. ఆ ఫొటోను మళ్లీ వాడినప్పుడల్లా పత్రికవాళ్లు ఇంకో ముద్ర వేసేవారు. నాయకుడు పోయిన రోజు కూడా పాత ఫొటోనే బయటికొస్తుంది. అన్నిటికన్నా పాత ముద్ర కూడా అచ్చయిన తేదీనే చెప్పొచ్చు, తీసిన తేదీని కాదు.

స్టాంపులో యూపీఐ (యునైటెడ్ ప్రెస్ ఇంటర్నేషనల్ అనే వార్తాసంస్థ) అని ఉంటే అది 1958 మే తర్వాత వేసింది. చిరునామాలో అయిదంకెల జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) ఉంటే 1963 జులై తర్వాతది. అయితే ఈ లెక్క ముద్రకే; ఫొటో అంతకంటే పాతదై ఉండొచ్చు.

తేదీ తేల్చడానికి స్టాంపు కన్నా పదవి మేలు. చీటీలో కార్ల కార్మికుల నేత వాల్టర్ రూథర్‌ని 'సీఐఓ (కార్మిక సంఘాల సమాఖ్య) అధ్యక్షుడు' అన్నారంటే 1952 డిసెంబరుకీ 1955 డిసెంబరుకీ మధ్య రాసిన చీటీ అన్నమాట. 1955 డిసెంబరు 5న న్యూయార్క్‌లో ఏఎఫ్ఎల్ అనే మరో సమాఖ్య, సీఐఓ ఒక్కటయ్యాయి. కలిసిన సమాఖ్యకు జార్జ్ మీనీ అధ్యక్షుడయ్యాడు.

ఇప్పుడు బొమ్మ. 'ఎడమ నుంచి' అని ఇచ్చిన పేర్లను వెంటనే నమ్మకండి, నెగెటివ్ తిరగేసి ప్రింటు వేసి ఉండొచ్చు. కోటు పైజేబు చూడండి: అది మనిషి ఎడమ రొమ్ము మీద, అంటే ఎదురుగా నిలబడ్డవారిని చూస్తే మన కుడివైపు ఉండాలి. బ్యాడ్జీ మీద అక్షరాలు కూడా తిరగబడితే ఇక అనుమానమే లేదు.

భూతద్దంలో సన్నటి సమాంతర గీతలు కనిపిస్తే టెలిఫోన్ తీగ మీద పంపిన కాపీ కావచ్చు. అలా ఫొటోలు పంపే ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ) వైర్‌ఫొటో 1935 జనవరి 1న మొదలైంది. అలాంటి కాపీలో కళ్లూ కనుబొమలూ అలుక్కుపోతాయి, పోలికను బట్టి పేరు పెట్టేయకండి.

ఎంతవరకు అచ్చువేయాలో ఎడిటర్ గుర్తు పెట్టిన గ్రీజు పెన్సిల్ గీతలు కనబడితే తుడవొద్దు. ఆ గీత అవతల మిగిలిపోయిందెవరో చూడండి, ఎడిటర్ ఎవరిని వద్దనుకున్నాడో తెలుస్తుంది. భుజం అంచున తెల్లరంగు పూత ఉంటే పక్క మనిషినో, వెనకున్న జనాన్నో చెరిపి ఉండొచ్చు.

నవ్వుల దగ్గర మాత్రం తొందరపడొద్దు. 1937 మే 26న డియర్‌బోర్న్‌లో, ఫోర్డ్ రూజ్ కర్మాగారం దగ్గరి వంతెన మీద డెట్రాయిట్ న్యూస్ ఫొటోగ్రాఫర్ తీసిన ఒక ఫ్రేములో రూథర్, ఆయన సంఘంలోని తోటి నేత రిచర్డ్ ఫ్రాంకెన్‌స్టీన్ నవ్వుతూ కనబడతారు. కంపెనీ మనుషులు పక్కనుంచి వస్తూనే ఉన్నారు. కాసేపట్లో ఇద్దరినీ చితకబాదారు. అందుకే ఒక్క ఫ్రేముతో తీర్పు చెప్పకుండా, దాని ముందూ వెనకా తీసినవి వెతకండి. అమెరికా కార్మిక సంఘాల ఫొటోలకైతే మొదట డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ యూనివర్సిటీ వాల్టర్ రూథర్ లైబ్రరీ చూడండి.