తెలుగులో డిజైన్ నేర్చుకుందాం – 5వ పాఠం: వత్తులకు చోటు

పోయిన పాఠం చివర ఇచ్చిన పని పూర్తిచేసి ఉంటే, గ్రంథాలయ వారోత్సవాల కరపత్రానికి కావలసిన మ్యాటర్ ఈపాటికి మీ దగ్గర సిద్ధంగా ఉండాలి. ఒక హెడ్డింగ్, దాని కింద నవంబర్ 14 నుంచి 20 వరకు అన్న తేదీలు, మన గ్రంథాలయాల చరిత్ర మీద నాలుగు పేరాలు, చివర కార్యక్రమాల పట్టిక. ఈ పాఠంలో దాన్ని ఏ5 పేజీ మీదికి ఎక్కిద్దాం. రంగులూ ఫొటోలూ ఇంకా ముట్టుకోవద్దు. తెల్ల కాగితం మీద నల్లటి అక్షరాలతో ఉన్నప్పుడు చదవబుద్ధి కాని కరపత్రం, ఎన్ని రంగులు పూసినా చదవబుద్ధి కాదు.

ముందు ఒక చిన్న పరీక్ష చేద్దాం. కొత్త ఫైల్ తెరిచి, 11 పాయింట్ల సైజులో, లీడింగ్‌ను, అంటే ఒక వరుస నుంచి కింది వరుసకు ఉండే దూరాన్ని, ఆటోలోనే వదిలేసి రెండు వరుసలు టైప్ చేయండి. పై వరుసలో "రాష్ట్ర, శాస్త్ర, వస్త్ర" అని, కింది వరుసలో "కీర్తి, వీధి, శ్రీమతి" అని. ఇప్పుడు బాగా జూమ్ చేసి రెండు వరుసల మధ్య ఏం జరుగుతోందో చూడండి. పైనుంచి వేలాడే వత్తులు కింది వరుసలోని గుడుల నెత్తికి తగులుతూ ఉంటాయి. కొన్ని ఫాంట్లలో తగలకపోవచ్చు కానీ, వెంట్రుకవాసి దూరంలో ఆగుతాయి. జూమ్ తీసేసి మామూలు సైజులో చూస్తే ఆ చోటు నల్లగా ముద్దకట్టినట్టు కనిపిస్తుంది. చదివేవాళ్లకు కారణం తెలియదు. ఏదో ఇరుకుగా ఉందనిపించి కరపత్రం మడిచి పక్కన పెట్టేస్తారు.

ఈ ఇరుకు ఎక్కణ్నుంచి వచ్చింది? ఇన్‌డిజైన్, ఇల్లస్ట్రేటర్, ఫొటోషాప్ మూడింటిలోనూ ఆటో లీడింగ్ అంటే మామూలుగా అక్షరం సైజుకు 120 శాతం. 11 పాయింట్ల అక్షరానికి 13.2 పాయింట్లు. ఇంగ్లిష్‌కు అది సరిపోతుంది. ఆ లిపిలో చాలా అక్షరాలు ఒకే గీత మీద కూర్చుంటాయి. జి, పి, వై లాంటి కొన్నిటి తోకలు మాత్రం కాస్త కిందికి దిగుతాయి. తెలుగు అక్షరం అలా కాదు, మూడంతస్తుల ఇల్లు. మధ్య అంతస్తులో అక్షరం, పై అంతస్తులో తలకట్టు, గుడి, ఏత్వం, ఓత్వం, కింది అంతస్తులో వత్తు. "రాష్ట్ర"లో ష కింద ట వత్తూ, ర వత్తూ రెండూ దిగాలి. కింద అంత బరువు మోసే లిపికి ఇంగ్లిష్ కొలత ఎలా సరిపోతుంది? డిజైన్ కోర్సుల్లో, వీడియో పాఠాల్లో మనకు దొరికే నియమాలు చాలావరకు ఇంగ్లిష్ అక్షరాన్ని ముందు పెట్టుకుని రాసినవే. వాటిని గౌరవంగా నేర్చుకోండి. కానీ కొలతలు మాత్రం మన అక్షరాన్ని చూసి తీసుకోండి.

పరీక్షలో ఇంకో సంగతి కూడా బయటపడి ఉండవచ్చు. కొందరికి "రాష్ట్ర" అసలు "రాష్ట్ర"లాగే రాదు. ష పక్కన ట విడిగా కూర్చుంటుంది, పొల్లు గాల్లో వేలాడుతుంది. తప్పు ఫాంటుది కాదు. అక్షరాలను కలిపి వత్తులుగా మార్చే పని సాఫ్ట్‌వేర్ చేయాలి, ఆ మీట వేసి ఉండదు. ఇన్‌డిజైన్‌లో ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి అడ్వాన్స్‌డ్ టైప్ కింద డిఫాల్ట్ కంపోజర్‌ను "వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్"గా మార్చండి. అప్పటికే తెరిచి ఉన్న ఫైల్‌లో అయితే పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో అదే పేరుతో ఉంటుంది. ఫొటోషాప్‌లో వెర్షన్‌ని బట్టి ప్రిఫరెన్సెస్‌లోని టైప్ పేజీలో "వరల్డ్-రెడీ లేఅవుట్" అని గానీ, "మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్" అని గానీ కనిపిస్తుంది. డబ్బు పెట్టలేనివాళ్లు ఉచితంగా దొరికే స్క్రైబస్ 1.6 వాడుకోవచ్చు. అందులో తెలుగు వత్తులు బాగానే కలుస్తాయి.

మన ఊళ్లలోని డీటీపీ సెంటర్లు ఇప్పటికీ పేజ్‌మేకర్‌నూ అను ఫాంట్లనూ వదలకపోవడానికి ఒక కారణం ఇదే. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7, 2001లో వచ్చింది. దానికి యూనికోడ్ తెలుగు తెలియదు. అను లాంటి పాత ఫాంట్లలో ప్రతి వత్తూ, ప్రతి గుణింతం గుర్తూ విడి ముక్కగా ఉంటుంది కాబట్టి కలిపే పనితో సాఫ్ట్‌వేర్‌కు సంబంధం లేదు. ఆపరేటర్ వేళ్లే ఆ పని చేస్తాయి. ఆ పనితనాన్ని చిన్నచూపు చూడకండి. తెలుగు పుస్తకాలు ఎన్నో ఏళ్లుగా ఆ చేతుల మీదుగానే వచ్చాయి. అయితే మనకు మ్యాటర్ వచ్చేది వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో, అంటే యూనికోడ్‌లో. దాన్ని అనులోకి మార్చి, దిద్దుబాట్లయ్యాక మళ్లీ వెనక్కి మార్చే గొడవలో అక్షరాలు చెడిపోతుంటాయి. మొదటి నుంచీ యూనికోడ్‌లోనే పని చేయడం అలవాటు చేసుకోండి.

సరే, వత్తులు కలిశాయి. ఇప్పుడు అసలు లెక్క.

ఏ5 పేజీ 148 మిల్లీమీటర్ల వెడల్పు, 210 మిల్లీమీటర్ల ఎత్తు. నాలుగు వైపులా 15 మిల్లీమీటర్ల మార్జిన్ వదిలితే అక్షరాలకు మిగిలే ఎత్తు 180 మిల్లీమీటర్లు. అంగుళానికి 72 పాయింట్ల లెక్కన అది 510 పాయింట్లు. ఆటో లీడింగ్‌తో, అంటే 13.2 పాయింట్ల చొప్పున, 38 వరుసలు పడతాయి. అదే లీడింగ్ 17 పాయింట్లకు పెంచితే సరిగ్గా 30 వరుసలు. 17 అనే అంకె ఊరికే చెప్పలేదు. 11 పాయింట్ల తెలుగుకు 16 నుంచి 18 వరకు వేసి చూడండి. 16 దగ్గర వత్తు, గుడి ఒకదాన్నొకటి తగలడం మానేస్తాయి. 17 దగ్గర వాటి మధ్య తెల్లటి దారి కనిపిస్తుంది. 18 దాటాక వరుసలు దేనికది విడిపోయి పేరా పేరాలా ఉండదు. ఫాంట్ మారితే ఈ అంకెలూ కాస్త అటూ ఇటూ అవుతాయి కాబట్టి ప్రతి కొత్త ఫాంటుకూ "రాష్ట్ర, కీర్తి" పరీక్ష మళ్లీ పెట్టండి. స్క్రీన్ మీద తేల్చుకోవద్దు, అసలు సైజులో ప్రింట్ తీసి చేతిలో పట్టుకుని చూడండి.

38 ఎక్కడ, 30 ఎక్కడ? ఎనిమిది వరుసలు పోయాయి. పని ఇచ్చినవాళ్లు "ఇంత ఖాళీ ఎందుకండీ, దగ్గర దగ్గరగా పెట్టేయండి" అనేది ఇక్కడే. చాలామంది కొత్త డిజైనర్లు ఇక్కడే లొంగిపోతారు. లొంగకండి, వాదించకండి కూడా. రెండు రకాలుగానూ ప్రింట్ తీసి టేబుల్ మీద పక్కపక్కన పెట్టి, "మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఇవి రెండూ చూపించి, ఏది చదివారో చెప్పండి" అనండి. అప్పటికీ మ్యాటర్ పట్టకపోతే నాలుగో పేరా తీసేయాలి, లేదా కాగితం వెనకవైపూ వాడాలి. వరుసల మధ్య చోటు మాత్రం తగ్గించకూడదు. ఈ పాఠం మొత్తంలో నేను పట్టుబట్టేది ఈ ఒక్కదానికే. కరపత్రంలో మనం తగ్గించుకునే ప్రతి వాక్యం మన ఇష్టం. తగ్గించే ప్రతి పాయింటు లీడింగ్ చదివేవాళ్ల కళ్ల మీద పడే బరువు.

ఫాంట్ల సంగతి. పేరాలకు మండలి, నోటో శాన్స్ తెలుగు, అనెక్ తెలుగు ప్రయత్నించండి. మూడూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, అచ్చు పనికీ వాడుకోవచ్చు. అనెక్‌లో సన్నం నుంచి లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా ఒకే కుటుంబంలో ఉండడం పట్టికలకు బాగా పనికొస్తుంది. రామభద్ర లాంటి లావుపాటి ఫాంటు హెడ్డింగుకే. పేరాకు వాడితే వత్తులు పూడిపోతాయి. ఒక కరపత్రానికి రెండు ఫాంట్లు చాలు.

ఇప్పుడు వరుస విరుపు. మన మ్యాటర్ రెండో పేరాలో, 1901లో హైదరాబాద్‌లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పేరుంది. ఆ మొదటి మాట ఒక్కటే దాదాపు మూడు మాటల చోటు తింటుంది. తెలుగు మాటలు ఒకదానికొకటి అతుక్కుని పొడుగవుతాయి, పైగా ఇంగ్లిష్‌లోలా వరుస చివర చిన్న గీత పెట్టి మాటను విరిచే అలవాటు మనకు తక్కువ. పేజీని రెండు కాలమ్‌లు చేసి, రెండు అంచులూ సమంగా ఉండేలా జస్టిఫై చేశారనుకోండి. ఆ మాట పట్టక కింది వరుసకు దిగిపోతుంది. పైన మిగిలిన రెండు మూడు మాటలను సాఫ్ట్‌వేర్ ఆ చివరికీ ఈ చివరికీ లాగి మధ్యలో పెద్ద ఖాళీలు వదులుతుంది. అందుకే ఏ5లో ఒకే కాలమ్ పెట్టండి. కార్యక్రమాల పట్టిక లాంటి ఇరుకైన చోట జస్టిఫై తీసేసి ఎడమవైపుకు సర్దండి. కుడి అంచు ఎగుడుదిగుడుగా ఉన్నా ఫరవాలేదు.

"హైదరాబాద్‌లో" అన్న మాట దగ్గర ఒక క్షణం ఆగండి. ద్ తర్వాత కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. అది ఉంది కాబట్టే పొల్లు పొల్లుగా నిలిచింది. లేకపోతే ద కింద ల వత్తు పడి "హైదరాబాద్లో" అవుతుంది. సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్ లాంటి మాటల్లోనూ ఇంతే. మ్యాటర్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి కాపీ అయ్యేటప్పుడు ఈ గుర్తు జారిపోవచ్చు. పేజీ కట్టాక ఇలాంటి మాటలన్నీ వెతికి ఒకసారి సరిచూసుకోవాలి.

ఏదైనా మాటను ఎత్తి చూపాలంటే ఇటాలిక్ బటన్ నొక్కకండి. చాలా తెలుగు ఫాంట్లలో ఇటాలిక్ ఉండదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఉన్న అక్షరాన్నే పక్కకు వంచుతాయి, అప్పుడు గుండ్రాలు కోడిగుడ్లవుతాయి. దానికి బదులు అదే కుటుంబంలోని లావు అక్షరం వాడండి. ట్రాకింగ్ తగ్గించి అక్షరాలను దగ్గరికి నొక్కితే పక్కపక్క వత్తులు ఢీకొంటాయి కాబట్టి దాన్ని సున్నాలోనే ఉంచండి. హెడ్డింగుకు చుట్టూ గీత పెట్టాలనుకుంటే, ఇల్లస్ట్రేటర్‌లో అక్షరాలను అవుట్‌లైన్లుగా, అంటే గీసిన బొమ్మలుగా, మార్చాక పాత్‌ఫైండర్‌లో యునైట్ నొక్కండి. ఎందుకంటే కొన్ని ఫాంట్లలో వత్తూ అక్షరం ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. యునైట్ చేయకపోతే గీత అక్షరం లోపలి నుంచి కూడా పోతుంది. అవుట్‌లైన్ చేసే ముందు ఫైల్‌ను వేరే పేరుతో దాచుకోండి, ఆ తర్వాత అక్షరదోషం దిద్దడానికి వీలుండదు.

తెలుగు వరుసలో ఇంగ్లిష్ మాట గానీ మెయిల్ చిరునామా గానీ వస్తే రెండు లిపులకూ ఒకే పాయింట్ సైజు ఇచ్చి వదిలేయకండి. ఫాంట్‌ని బట్టి ఒకటి పెద్దదిగా, ఇంకొకటి చిన్నదిగా కనిపిస్తుంది. తెలుగు "క" ఒంటి ఎత్తు, ఇంగ్లిష్ చిన్నక్షరాల ఎత్తు కంటికి సమానంగా అనిపించే వరకు ఇంగ్లిష్ సైజు మార్చి, దాన్ని ఒక క్యారెక్టర్ స్టైల్‌గా భద్రం చేసుకోండి.

ఈ వారం పని: కరపత్రాన్ని మూడు రకాలుగా కట్టండి. మొదటిది ఆటో లీడింగ్‌తో, రెండోది 17తో, మూడోది మీ కంటికి నచ్చిన కొలతతో. ఫాంట్, సైజు, మార్జిన్లు మూడింటిలోనూ ఒకటే ఉండాలి. ప్రింట్లు తీసి, యాభై దాటినవాళ్లు ఇద్దరికీ, బడి పిల్లలు ఇద్దరికీ ఇచ్చి పైకి చదవమనండి. ఎక్కడ తడబడ్డారో పెన్సిల్‌తో ఆ చోటే గుర్తు పెట్టండి. తడబడ్డది మాట కష్టమైనందుకా, వరుస తప్పినందుకా అన్నది కూడా పక్కన రాయండి. వరుస తప్పిన చోట్లలో వత్తు ఎక్కడుందో ఒకసారి చూడండి.

ఆ కాగితాలు పారేయకండి. ఆరో పాఠంలో వాటి మీదే రంగు వేస్తాం. ప్రెస్‌లో నాలుగు సిరాలు ఒకదాని మీద ఒకటి ఎలా పడతాయి, సన్నటి వత్తును నలుపు ఒక్కదానితోనే ఎందుకు అచ్చు వేయాలి, కాగితం అంచుకు అవతల 3 మిల్లీమీటర్లు ఎందుకు వదలాలి అన్నవి అప్పుడు చూద్దాం.