వోల్టేజీ స్థిరత్వం: ఇంట్లోనే నేర్చుకుందాం – నాలుగవ పాఠం: అంచుకు ఎంత దూరంలో ఉన్నాం?

రియాక్టివ్ పవర్ (నేరుగా పని చేయకపోయినా, మోటార్లలో అయస్కాంత క్షేత్రానికీ వోల్టేజీ నిలవడానికీ కావలసిన పవర్) లైన్ల మీద ఎక్కువ దూరం ఎందుకు పోజాలదో గత పాఠంలో చూశాం. లోడు ఇంకా ఎంత పెరిగితే సబ్‌స్టేషన్ వోల్టేజీ కుప్పకూలుతుందో లెక్కగట్టడం ఈ పాఠంలో నేర్చుకుందాం. ఇందుకు ఒక కాగితం, ఒక కాలిక్యులేటరు చాలు.

యాసంగిలో వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లోని ఒక సబ్‌స్టేషన్‌ను ఊహించుకోండి. దాని లోడులో ఎక్కువ భాగం బోరు మోటార్లదే. వోల్టేజీ తగ్గితే పాత బల్బు మసకబారి తక్కువ కరెంటుతో సరిపెట్టుకుంటుంది కానీ, మోటారు తన పనిని పెద్దగా తగ్గించుకోదు. స్టార్టర్ పెట్టె మీది వోల్ట్‌మీటరు ముల్లు 415 నుంచి 350కి దిగుతున్నప్పుడు పక్కనున్న, కరెంటును చూపే అమ్మీటరు ముల్లు పైకి ఎక్కడం రైతులు రోజూ చూసేదే. ఆ అదనపు కరెంటు లైనులో మరింత వోల్టేజీని తినేస్తుంది కనుక, మన లెక్కలో లోడును స్థిరమైన పవర్‌గా తీసుకోవడమే క్షేమం.

మూలం దగ్గర వోల్టేజీ 1.0 పర్ యూనిట్ (అంటే ఉండాల్సిన వోల్టేజీకి సరిగ్గా సమానం; మిగతా అంకెలూ ఇలాంటి నిష్పత్తులే), లైను రియాక్టెన్సు (ఆల్టర్నేటింగ్ కరెంటుకు లైను కలిగించే అడ్డంకి) 0.5, లోడు పవర్ ఫ్యాక్టర్ 1 (అంటే లోడుకు రియాక్టివ్ పవర్ అక్కర్లేదు) అనుకుందాం. లోడును పీ అనీ, అది ఉన్నచోటి వోల్టేజీని వీ అనీ పిలిస్తే సూత్రం ఇది:

వీ² = (1 + √(1 − పీ²)) ÷ 2

పీ 0.6 అయితే వీ 0.949 వస్తుంది. 0.8 దగ్గర 0.894, 0.96 దగ్గర 0.80, 1.0 దగ్గర 0.707. ఈ బిందువులను గ్రాఫు కాగితం మీద కలపండి. 0.6 నుంచి 0.8కి లోడు పెరిగినప్పుడు పడిపోయిన వోల్టేజీ 0.055 మాత్రమే కాగా, చివరి 0.04 లోడుకే 0.093 పడిపోయింది. పీ 1.0 దాటితే వర్గమూలం లోపలి సంఖ్య రుణాత్మకమై సమీకరణానికి సాధనే ఉండదు. కుప్పకూలడమంటే గణితంలో ఇదే. ప్రస్తుత లోడు 0.8 అయితే అంచుకు ఇంకా 0.2 మిగిలింది, అంటే మార్జిన్ 25 శాతం.

అయితే ఆ సబ్‌స్టేషన్‌కు వచ్చే లైన్లలో ఒకటి ట్రిప్ అయి రియాక్టెన్సు 0.7కు పెరిగిందనుకోండి. పవర్ ఫ్యాక్టర్ 1 వద్ద గరిష్ఠ లోడు, 1ని రియాక్టెన్సుకు రెట్టింపుతో భాగిస్తే వచ్చేదే కాబట్టి, అది 0.714కు దిగుతుంది. ఇప్పుడు 0.8 లోడును ఆ లైను మోయలేదు. మార్జిన్‌ను ఎప్పుడూ ఒక లైను పోయిన స్థితిలో కూడా చూడాలనే నియమం ఇందుకే పుట్టింది. పగలు సౌరవిద్యుత్తు ఎక్కువై థర్మల్ యూనిట్లను ఆపినప్పుడు కూడా ఈ జాగ్రత్త అవసరం, ఎందుకంటే వోల్టేజీని పట్టి నిలిపే జనరేటర్లు తగ్గితే మూలమే లోడుకు దూరమైనట్టు లెక్క.

ఇక రియాక్టివ్ పవర్‌ను లోడు దగ్గరే ఇచ్చే కెపాసిటర్ల సంగతి. కెపాసిటర్లు లేని మోటార్ల పవర్ ఫ్యాక్టర్ 0.8 ల్యాగింగ్ (అంటే లోడు లైను నుంచి రియాక్టివ్ పవర్ లాగుతోంది) అయితే, రియాక్టెన్సు 0.5 ఉన్న అదే లైను గరిష్ఠంగా 0.5 మాత్రమే మోస్తుంది. సగానికి సగం పోయినట్టే. కెపాసిటర్లు దండిగా పెట్టి 0.9 లీడింగ్ (అంటే రియాక్టివ్ పవర్ తిరిగి లైనులోకి వెళ్లేలా) చేస్తే గరిష్ఠం దాదాపు 1.6కు చేరుతుంది. చాలామంది లెక్క ఇక్కడితో ఆపి సంతోషిస్తారు, కానీ ఈ పాఠంలో అసలు గమనించాల్సింది దీని తర్వాతిదే. అలా చేసినప్పుడు అంచు దగ్గరి వోల్టేజీ 0.707 నుంచి 0.94కు ఎక్కుతుంది. లోడు 1.57 దగ్గర మీటరు నిండుగా 1.0 చూపిస్తుంది, అయినా మిగిలిన మార్జిన్ రెండు శాతం కూడా ఉండదు. పైగా కెపాసిటరు ఇచ్చే రియాక్టివ్ పవర్ వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది కనుక, వోల్టేజీ 0.9కి పడితే అది 81 శాతమే ఇస్తుంది. సరిగ్గా అవసరమైన వేళకే మొండిచేయి చూపిస్తుంది. 1987 జూలై 23న టోక్యోలో ఎండ మండుతున్న మధ్యాహ్నం ఏసీల లోడు నిమిషానికి దాదాపు 400 మెగావాట్ల చొప్పున పెరిగినప్పుడు, కెపాసిటర్లన్నీ పెట్టినా వోల్టేజీ నిలవలేదు. వోల్ట్‌మీటరును మాత్రమే చూసి నిశ్చింతగా ఉండకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

అభ్యాసం: రియాక్టెన్సు 0.5 అయినప్పుడు లీడింగ్ లోడుకు గరిష్ఠ లోడు = కాస్ ÷ (1 − సైన్). ఇక్కడ కాస్ అంటే పవర్ ఫ్యాక్టరే, సైన్ అంటే √(1 − కాస్²). పవర్ ఫ్యాక్టర్ 0.95 లీడింగ్ అయితే గరిష్ఠ లోడు ఎంతో కనుక్కోండి. రియాక్టెన్సు 0.7 అయితే అది ఎంతకు తగ్గుతుందో కూడా లెక్కించండి. జవాబులను వచ్చే పాఠం మొదట్లో సరిచూసుకుని, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్పిడి ఈ వక్రరేఖను ఎలా కదిలిస్తుందో చూద్దాం.