సర్దోనా కొండల్లో శిలల యాత్ర: చూడవలసిన తీరు

స్విట్జర్లాండ్‌లోని సర్దోనా ప్రాంతానికి గైడుతో కలిసి భూవిజ్ఞాన యాత్రకు బయలుదేరేవారు ముందురోజే శిలల పటాన్ని, వాతావరణ సూచనను చూసుకోవాలి. వేసవిలో మధ్యాహ్నం దాటాక ఉరుములతో వానలు ముంచుకొస్తాయి కనుక ఎత్తైన కొండ అంచులను ఉదయమే దాటడం క్షేమం.

మొదట ష్వాండెన్ సమీపంలోని లోఖ్‌సీటే దగ్గర ఆగండి. అక్కడ 25 నుంచి 30 కోట్ల ఏళ్ల నాటి వెరుకానో (గులకరాళ్లు, ఇసుక గట్టిపడి ఏర్పడిన) శిల, 3.5 నుంచి 5 కోట్ల ఏళ్ల వయసు మాత్రమే ఉన్న ఫ్లిష్ (సముద్రం అడుగున ఇసుక, బురద పేరుకుని ఏర్పడిన) శిల మీద కనిపిస్తుంది. పాత పొర కింద, కొత్త పొర పైన ఉండాలన్న క్రమం ఇలా తారుమారు కావడానికి కారణం, భూఫలకాలు ఢీకొన్నప్పుడు పాత శిలల భారీ పలక ఉత్తరానికి జరిగి కొత్తవాటి మీదికి ఎక్కడమే. రెండింటి మధ్య పాలిపోయిన సున్నపురాయి పొర సన్నగా ఉంటుంది. ముఖం దగ్గరగా పెట్టి చూస్తే నలిగి మెలితిరిగిన చారలు, వాటిని తెగ్గోస్తూ కత్తితో గీసినంత తిన్నని గీత కనిపిస్తాయి. నా దృష్టిలో యాత్ర మొత్తంలో ఎక్కువసేపు నిలవవలసిన చోటు ఇదే.

ఫొటో తీసే ముందు ఆ గీతను నోటుపుస్తకంలో చేత్తో గీసుకోండి. గీసేటప్పుడే కన్ను వివరాలను పట్టుకుంటుంది. తరువాత ఎల్మ్ గ్రామం నుంచి చింగెల్‌హోర్నర్ శిఖరాలను చూస్తే, అదే గీత కొండ ముఖం పొడవునా సాగడం, దాని కిందుగా మార్టిన్స్‌లోఖ్ అనే రంధ్రం ఉండడం గమనించవచ్చు. ఈ ప్రాంతం 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అందుచేత సుత్తిని సంచీలోనే ఉంచి, భూతద్దంతోనే పరిశీలించండి.