డెల్టాలో ఎలక్ట్రిక్ కారు: బయట ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలి, ఎంతవుతుంది

భీమవరంలో రొయ్యల చెరువుల నీటి పరీక్షల ల్యాబు నడుపుతున్నాను. నమూనాల కోసం ఉండి, ఆకివీడు, పాలకొల్లు, నరసాపురం, గోదావరి దాటితే రాజోలు దాకా తిరుగుతాను. తిరిగేది 24 యూనిట్ల బ్యాటరీ ఉన్న టియాగో ఎలక్ట్రిక్ కారులో. చెరువు గట్టు మీద రైతులు ముందు నీటి సంగతి అడుగుతారు, ఆ వెంటనే కారు సంగతి: బయట ఛార్జింగ్ పెడితే ఎంతవుతుంది, ఎక్కడ దొరుకుతుంది? నిలబడి చెప్పేంత చిన్న జవాబు కాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు ధర. స్టేషన్లలో డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ యూనిట్ చాలావరకు 15 నుంచి 25 రూపాయల మధ్య ఉంటుంది. కంపెనీని బట్టి, చోటును బట్టి, కొన్ని యాప్‌లలో వేళను బట్టి కూడా మారుతుంది. పెద్ద అక్షరాల్లో కనిపించే రేటు చూసి ఆగకండి. ఛార్జింగ్ సేవ మీద 18 శాతం జీఎస్టీ ఉంది. యూనిట్ 18 రూపాయలని రాసిన చోట పన్ను కలిపి ఉండకపోతే మీకు పడేది 21 రూపాయల 24 పైసలు. మా కారును 20 శాతం నుంచి 80 శాతానికి తేవాలంటే 14.4 యూనిట్లు కావాలి. వేడిగా పోయేది కూడా కలుపుకుని పదిహేను అనుకోండి. సుమారు 319 రూపాయలు. మన చదును రోడ్ల మీద దాంతో వంద కిలోమీటర్లు ధీమాగా వెళ్లవచ్చు.

ఇప్పుడు ఇంటి మీటరు చూద్దాం. గృహ వినియోగంలో 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75, ఆపైన 9.75. నెలకు 150 యూనిట్లు కాలే ఇంట్లో కారు కోసం మరో 160 యూనిట్లు కలిస్తే, అందులో 75 యూనిట్లు ఆరు రూపాయల శ్లాబులో, మిగిలిన 85 యూనిట్లు 8.75 శ్లాబులో పడతాయి. మొత్తం సుమారు 1,194 రూపాయలు, సర్దుబాటు ఛార్జీల వంటివి అదనం. అవే 160 యూనిట్లు బయట 21.24 చొప్పున కొంటే దాదాపు 3,400. వాటితో దాదాపు 1,200 కిలోమీటర్లు తిరగవచ్చు. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారుకు, లీటరు 110 రూపాయల లెక్కన, అంతే దూరానికి 7,300 దాటుతుంది. అంటే బయట పెట్టినా పెట్రోలు కన్నా చవకే. కానీ ఇంట్లో పెట్టుకునే వీలుండి కూడా బంకుకు వెళ్లినట్టు స్టేషన్‌కు వెళ్లి నింపుకొస్తే, కారు కొన్నందుకు రావలసిన లాభంలో పెద్ద భాగం అక్కడే వదిలేసినట్టు. బయట కొనవలసింది ఇల్లు చేరడానికి తక్కువైన యూనిట్లు మాత్రమే. నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే.

స్టేషన్ వాళ్లు దోచుకుంటున్నారని కొందరంటారు. రాష్ట్ర టారిఫ్‌లో ఛార్జింగ్ స్టేషన్లకు యూనిట్ 6.70గా ఉంటూ వచ్చిన మాట నిజం. అయితే ఫాస్ట్ ఛార్జర్ యంత్రానికే లక్షలవుతుంది, ట్రాన్స్‌ఫార్మర్, స్థలం అద్దె దానికి తోడు. మన వైపు రోజుకు వచ్చే కార్లు ఇంకా తక్కువ. ఆ ఖర్చంతా ఆ కొద్దిమంది మీదే పడుతుంది.

గన్, అంటే ఛార్జర్ తీగ కొనన ఉండి కారుకు తగిలించేది, దాని గురించి తెలియకుండా బయలుదేరకండి. ఇప్పటి కార్లకు డీసీలో, అంటే ఫాస్ట్ ఛార్జింగ్‌లో, సీసీఎస్-2 రకం గన్, నెమ్మదిగా ఎక్కే ఏసీ ఛార్జింగ్‌లో టైప్-2 రకం గన్ సరిపోతాయి. ఎంజీ కామెట్‌కు డీసీ గన్ పట్టదు, కాబట్టి ఫాస్ట్ ఛార్జర్ ఎన్ని కిలోవాట్లదైనా ఆ కారుకు ఉపయోగం లేదు. స్టేషన్ బోర్డు మీద 60 కిలోవాట్లని ఉంటే అంతా మీ కారుకే వస్తుందని అనుకోవద్దు. చాలా యంత్రాలకు రెండు గన్లుంటాయి, పక్కన మరో కారు పెడితే ఇద్దరికీ సగం సగం. పైగా టియాగో వంటి చిన్న బ్యాటరీ కారు అంత వేగాన్ని తీసుకోలేదు. 10 శాతం నుంచి 80 శాతానికి గంట పడుతుందని లెక్కేసుకోండి. 80 దాటాక వేగం బాగా పడిపోతుంది. చివరి ఇరవై శాతం కోసం కూర్చుంటే మీ సమయమూ పోతుంది, వెనక నిలబడ్డవారి సమయమూ పోతుంది.

ఇక దారి. 16వ నంబరు జాతీయ రహదారి మీద, అంటే రాజమహేంద్రవరం, రావులపాలెం, తణుకు, తాడేపల్లిగూడెం, ఏలూరు వరుసలో, బంకుల్లోనూ హోటళ్ల దగ్గరా ఫాస్ట్ ఛార్జర్లు దొరుకుతాయి. కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం వైపు వచ్చే 216వ నంబరు రహదారి మీదకు దిగితే పలచబడతాయి. కోనసీమ లోపలికి వెళ్లేవారు 16వ నంబరు రహదారి వదిలే ముందే 80 శాతం చేసుకోవాలి. సఖినేటిపల్లి రేవులో బండ్లను నది దాటించే పంటు ఎక్కి నరసాపురం దాటుదామనుకునేవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. గోదావరి పోటెత్తితే పంటు ఆగిపోతుంది, అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి. ఆ చుట్టుకు సరిపడా ఛార్జింగ్ ఉంచుకోకుండా రేవుకు వెళ్లవద్దు.

స్టేషన్ ఉందో లేదో చూడటానికి కేంద్రం 2022లో తెచ్చిన ఈవీ యాత్ర యాప్ ఉంది, కంపెనీల సొంత యాప్‌లూ ఉన్నాయి. మ్యాపులో పచ్చచుక్క కనిపించినంత మాత్రాన నమ్మకండి. ఆ గన్ చివరిసారి ఎప్పుడు వాడారో కొన్ని యాప్‌లు చూపిస్తాయి. వారం నుంచి ఎవరూ వాడకపోతే అనుమానించాల్సిందే. ఫోన్ నంబరు ఉంటే బయలుదేరే ముందే మాట్లాడండి. ఒక కంపెనీ వాలెట్‌లో నాకు వేయి రూపాయలు నెలల తరబడి చిక్కుకున్నాయి. తిరిగి ఇవ్వమని అడిగితే ఫిర్యాదు నంబరు ఇచ్చి ఊరుకున్నారు. అందుకని వాలెట్‌లో కనీస మొత్తమే వేయండి. యూపీఐతో నేరుగా కట్టే వీలున్న చోట అదే మేలు.

ఇక చెరువుల దగ్గరి సంగతి. ఇది కాస్త నిదానంగా చెప్పాలి. "స్టేషన్‌కి ఎందుకండీ మేడమ్ గారు, మన మోటారు షెడ్డులో పెట్టేసుకోండి" అని రైతులు ఎంతో ఆదరంగా అంటారు. వద్దండి. అర్హత ఉన్న ఆక్వా రైతుకు ప్రభుత్వం యూనిట్ 1.50కి ఇస్తున్నది ఏరేటర్లు, అంటే చెరువు నీటిలో గాలి కలిపే యంత్రాలు తిప్పడానికి. ఆ కనెక్షన్ మీద కారు పెడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వినియోగమవుతుంది. తనిఖీకి వస్తే రెట్టింపు రేటుతో కట్టవలసింది మనం కాదు, ఆ రైతు. రైతు ఇంటి మీటరు నుంచి పెట్టుకుంటే ఇబ్బంది లేదు. అయిన యూనిట్లు కారు తెరమీదో యాప్‌లోనో చూసి, పైశ్లాబు రేటున డబ్బు చేతిలో పెట్టండి. మొహమాటపడి వద్దంటారు, అయినా ఇవ్వండి.

ఇళ్లలో, లాడ్జీల్లో మామూలు ప్లగ్గు పనికిరాదు, 15 ఆంపియర్ల సాకెట్ కావాలి. ఆ పేరు చెబితే అర్థం కాకపోవచ్చు, గది చల్లబరిచే ఏసీకి వాడేది అదే కాబట్టి "ఏసీ ప్లగ్గు ఎక్కడుందండీ" అని అడిగితే వెంటనే చూపిస్తారు. కారుతో వచ్చిన ఛార్జర్ పెట్టె తగిలించగానే ఎర్రదీపం వెలిగితే ఎక్కువసార్లు ఎర్తింగు లోపమే. తీరం వైపు ఉప్పునేలల్లో ఎర్తు కడ్డీని తుప్పు తినేస్తుంది, వేసవిలో గుంట ఎండిపోతుంది. గుంటలో నాలుగు బిందెల నీళ్లు పోస్తే ఒక్కోసారి దీపం పచ్చగా మారుతుంది, మారకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే. ఎర్తు లేకుండా దాటవేసే అడ్డదారి ఎవరు చెప్పినా వినకండి, కారు ఒళ్లంతా ఇనుమే. సన్నవైరు ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలు వాడకండి. అరగంట తరువాత ప్లగ్గు మీద చేయి ఆనించి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చేయి ఆనించలేకపోతే ఆపేయండి.

చెరువుల ఊళ్లలో రాత్రి ఛార్జింగ్‌కు ఇంకో చిక్కుంది. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి రాత్రంతా ఏరేటర్లు తిరుగుతాయి. లైను మీద భారం పెరిగి వోల్టేజి దిగుతుంది, ఛార్జర్ మధ్యలో ఆగిపోతుంది. ఉదయం చూస్తే బ్యాటరీ రాత్రి ఉన్న చోటే ఉంటుంది. ఇటువంటి ఊళ్లో పగలు పెట్టుకోవడమే మంచిది.

సంక్రాంతి వారం లెక్కలన్నీ తారుమారవుతాయి. హైదరాబాద్ నుంచి వచ్చే కార్లతో రహదారి స్టేషన్లలో వరుసలు కడతారు. పండక్కి వచ్చే వాళ్లకు నేను చెప్పేది ఒకటే: విజయవాడ దాటక ముందే సరిపడా పెట్టుకోండి, ఊరు చేరాక చుట్టాలింట్లో తగిలించండి. తుపాను హెచ్చరిక వస్తే మాత్రం ఎనభైతో ఆగకుండా నిండా పెట్టుకోవాలి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. అటువంటప్పుడు కరెంటు పోతే స్టేషన్లూ ఆగిపోతాయి. నీళ్లు నిలిచిన చోట కారు ఉంటే గన్ పెట్టవద్దు, తడిసిన గన్‌ను దులిపి, కొనలో నీళ్లు లేవని చూశాకే తగిలించండి.

స్కూటర్ల వారికి ఇంత ఆలోచన అక్కరలేదు. మూడు నాలుగు యూనిట్ల బ్యాటరీ, ఇంట్లో పెడితే పాతిక ముప్పై రూపాయల పని. ఏథర్, విడా బండ్లు ఒకే ఫాస్ట్ ఛార్జింగ్ వ్యవస్థను వాడుకోగలవు. ఐక్యూబ్, చేతక్ వంటివాటికి తమ ఛార్జర్ వెంట ఉంటే చాలు.

పాలకొల్లు, రాజోలు, అంతర్వేది వైపు హోటళ్లు, లాడ్జీలు నడిపేవారికి ఒక విన్నపం. ఛార్జింగ్ స్టేషన్ పెట్టడానికి 2018 నుంచి లైసెన్సు అక్కరలేదు. డీసీ యంత్రం భారమనుకుంటే 7.4 కిలోవాట్ల ఏసీ ఛార్జర్ ఒకటి పెట్టి, దాని మీటరు వేరుగా ఉంచి, యూనిట్ రేటు గోడ మీద రాయండి. రాత్రి బస చేసేవారికి అది ధారాళంగా సరిపోతుంది, మీ గదులు వెతుక్కుంటూ వస్తారు.